ఒంటిమీదికి వచ్చినదెవరు?

ఆషాఢమాసమున గోలకొండ జగదంబకు తొలి బోనము ముట్టిన పిమ్మట, సికింద్రాబాదు ఉజ్జయిని మహాకాళికిని, ఆపైన లాల్‌దర్వాజా సింహవాహినికిని వరుసగా జాతరలు సాగుచుండగా, నగరమునకు ఉత్తరమున మేడ్చల్, శామీర్‌పేట, కీసర ప్రాంతముల ఊళ్లు తమ తమ వారములను తామే నిర్ణయించుకొని పోచమ్మకు, ఎల్లమ్మకు, చెరువుకట్టను కాచి యుండు కట్టమైసమ్మకు బోనములెత్తుచుండును. కొత్తకుండకు పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, వేపరెమ్మలు చుట్టి, లోపల నైవేద్యమును పైన దీపమును ఉంచుకొని స్త్రీలు నడచుచుండగా, డప్పుల దరువు ఒక స్థాయికి చేరుసరికి, ఆ వరుసలో ఎవరో ఒకామె జుట్టుముడి వీడిపోయి, అడుగు తడబడి, ఊగనారంభించును. శిగమొచ్చిందని చుట్టునున్నవారు దారి యిత్తురు. ఇక ఆమె నోట వెలువడు కంఠము ఆమెది కాదు. నిన్నటివరకు అత్తమామల యెదుట గొంతెత్తనెరుగని ఇల్లాలు ఊరిపెద్దను "బిడ్డా" అని పిలిచి, "నన్ను మర్సిపోయిండ్రు" అని నిలదీయును. అతడు తలపాగా తీసి చేతులు జోడించి, "తప్పైంది తల్లీ, సల్లంగ సూడు" అని విన్నవించుకొనును. సాక పోయుదురు, వేపరెమ్మలతో విసరుదురు. కొంతసేపటికి ఆమె ఒరిగిపోయి, మంచినీళ్లు త్రాగి, కొంగు సర్దుకొని, తానేమన్నదో ప్రక్కవారిని అడిగి తెలిసికొనును.

ఒంటిమీదికి వచ్చినదెవరన్న ప్రశ్నకు భక్తుని సమాధానము సిద్ధముగనే యున్నది: అమ్మ వచ్చినది. చదువుకొన్నవాని సమాధానమును సిద్ధముగనే యున్నది: అది నటన, కాకున్న జబ్బు. రెండవ సమాధానము మొదటిదానికంటె శాస్త్రీయమని అనుకొనుట మనలో పలువురకు అలవాటైనది గాని, పరిశీలింపకయే తీర్పు చెప్పుటలో రెండును సమానములే. నటన యన్నవాడు ఆమె నాడిని పట్టి చూడలేదు. జబ్బన్నవాడు మరునాటి ఉదయమున ఆమె యథాప్రకారము పొయ్యి వెలిగించి బిడ్డలను బడికి పంపుట గమనింపలేదు. ఇరువదవ శతాబ్దారంభమున మూడవ సమాధానమొకటి యూరపున రూపుదిద్దుకొన్నది. దానిని రూపొందించిన వాడు స్విట్జర్లాండు వైద్యుడు కార్ల్ గుస్తావ్ యుంగ్. అతని పరిశోధనకు మొట్టమొదటి విషయమైనదియు ఇట్లే వేరొక కంఠముతో మాటాడిన ఒక బాలికయే యగుట గమనింపదగినది.

ఆమె పేరు హెలెన్ ప్రైస్వెర్క్. యుంగునకు మేనమామ కూతురు. యుంగ్ బాజెల్ నగరమున వైద్యవిద్య నభ్యసించుచున్న దినములలో, ఇంకను ఇరువది యేండ్లు నిండని ఈ పిల్ల బంధువుల నడుమ బల్లచుట్టు కూర్చుండి స్మృతి తప్పి, కీర్తిశేషుడైన తాతగారి కంఠముతో మాటాడుచుండెడిది. ఇంటిలో బాజెల్ మాండలికము తప్ప పలుకని యామె ఆవేశములో గ్రాంథిక జర్మనమున గంభీరముగ ప్రసంగించెడిది. క్రమముగ 'ఇవెనీస్' అను మరియొక వ్యక్తి ఆమె నోట వెలువడ నారంభించెను: ప్రౌఢ, నిదానము గలది, లోకజ్ఞురాలు, ఆ చపలబాలికలో కానరాని గుణములన్నియు మూర్తీభవించినది. 1902లో జూరిచ్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన తన వైద్య సిద్ధాంతవ్యాసమున యుంగ్ ఈ వృత్తాంతమును పేరు మార్చి వివరించెను. ఆవేశశక్తి సన్నగిల్లిన తరువాత ఆ పిల్ల ప్రేక్షకులను నిలుపుకొనుటకు కొన్ని మోసములు చేసినదనియు దాచక వ్రాసెను. అయినను, మోసము తుదిని వచ్చినంత మాత్రమున మొదటిదంతయు మోసము కాదని గ్రహించుట అతని వివేకము. ఇవెనీస్ పరలోకము నుండి దిగివచ్చిన ఆత్మ కాదు. ఆ పిల్ల కాబోవు స్త్రీ. ఇంటి పరిస్థితులు, చిన్నవయసు, చాలని చదువు అడ్డుపడగా పగటివేళ తలయెత్తజాలని భవిష్యద్వ్యక్తిత్వము, స్మృతి సడలిన ఘడియలలో ముందుగనే వచ్చి మాటాడి పోవుచున్నదని యతడు భావించెను. మన మనస్సులో మనకు తెలియని భాగము కేవలము మరచిన వానిని, సిగ్గుపడి అణచిన వానిని పారవైచిన పెంటకుప్ప కాదనియు, ఇంకను మనము కానిది కూడ అందే మొలకెత్తుచుండుననియు నతడు తరువాత జీవితకాలమంతయు చెప్పిన మాటకు బీజమిదియే.

బీజమెంత సారవంతమైనను శాస్త్రమునకు కొలత కావలెను. ఆ కొలత జూరిచ్‌లోని బుర్గ్‌హోల్ట్స్‌లీ మానసిక వైద్యశాలలో, బ్లాయిలర్ ఆధ్వర్యవమున, రిక్లిన్ అను సహచరునితో కలిసి యుంగ్ సాగించిన పదసాహచర్య పరీక్షల వలన లభించెను. విధానము మిక్కిలి సులభము. నూరు మాటల పట్టికనుండి ఒక్కొక్క మాటనే చదువుదురు. వినినవాడు తోచిన మొదటి మాటను వెంటనే చెప్పవలెను. సెకనులో అయిదవవంతు వరకు కొలువగల గడియారమున ఆ నడుమ కాలమును గుర్తింతురు. పట్టిక ముగిసిన పిదప మరల మొదటినుండి చదివి, ఇంతకుముందు తాను చెప్పిన సమాధానములను గుర్తు చేయుమందురు. పూర్వము ఇట్టి పరీక్షలు చేసినవారు సూటియైన సమాధానములను లెక్కించి, తడబాట్లను లోపములుగా త్రోసివైచిరి. యుంగ్ తడబాట్లనే ఏరుకొనెను. ఏ మాట దగ్గర గడియారము నిలిచినట్లైనదో, ఏ మాటను వినిపించుకొనలేదని మరల అడిగెనో, ఎచ్చట అకారణముగ నవ్వెనో, రెండవమారు ఏ సమాధానము జ్ఞప్తికి రాలేదో, ఆ చోట్లన్నియు ఒక అదృశ్యకేంద్రము చుట్టు గుంపుగూడి యుండుట యతనికి గోచరించెను. ఉద్వేగము చుట్టు అల్లుకొన్న ఈ జ్ఞాపకముల ముడిని అతడు కాంప్లెక్స్ అనెను. తెలుగున మనోగ్రంథి యందురు. 'ఆత్మన్యూనతా కాంప్లెక్స్' అని నేడు వీధిబడి కుర్రవాడు సైతము అలవోకగ వాడు పదబంధములోని కాంప్లెక్స్ అను మాట ఈ ప్రయోగశాలలోనే ప్రాచుర్యము నొందినది. తుదకు చర్మమునందలి విద్యుద్వాహకతను గాల్వనోమీటరుతో కొలిచి చూచినను ఆ మాటల దగ్గరనే సూచిక చలించెను. యుంగ్ వ్రాతలన్నింటిలో ఇంత గట్టి ఆధారము గల భాగము మరియొకటి లేదని నా అభిప్రాయము.

ఈ పరీక్షను మన ప్రాంతమున జరిపిన ఎట్లుండునో ఒక మనిషిని కల్పించుకొని చూతము. మేడ్చల్, శామీర్‌పేట నేలలు ఒకప్పుడు ద్రాక్షతోటలకు ప్రసిద్ధములు. 1999లో తుర్కపల్లి చుట్టు జీనోమ్ వ్యాలీ వెలసి, పిమ్మట బయటి వలయ రహదారి వచ్చి, 2016లో మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లాయే ఏర్పడులోపల, ఆ తోటలనేకము హద్దురాళ్లు పాతిన వెంచర్లైనవి. మన కల్పిత పురుషుడు అట్టి తోట గలవాని రెండవ కుమారుడు. మందుల కంపెనీలో మంచి యుద్యోగము. తండ్రి పోయిన తరువాత అన్నతో కలిసి సంతకము చేసి భూమిని అమ్మెను. ఆ విషయమున తనకే విచారమును లేదనియు, ఆశపోతు అన్నయే బ్రోకర్లతో చేరి తొందరపెట్టెననియు అతడు ప్రశాంతముగ చెప్పును. పరీక్షలో 'భూమి' యనగనే 'ఆకాశము' అని తడుముకొనక బదులిచ్చెను. ఆ ప్రశ్నకు అతడు సిద్ధపడి వచ్చినాడు. 'ధర' అనినను తొణకలేదు. పట్టికలో ఎక్కడనో నిరపాయముగ కూర్చున్న 'పందిరి' అను మాట దగ్గర మాత్రము, ఏమంటిరని మరల అడిగి, నవ్వి, చాలసేపటికి 'పెండ్లి' అనెను. రెండవమారు అడిగినపుడు ఆ సమాధానము అతనికి గుర్తులేదు. ద్రాక్షతీగ ప్రాకునది పందిరిమీదనే కదా. కాపలా కాయవలసిన వాకిళ్లన్నింట కాపలా పెట్టుకొనిన మనస్సు, తాననుకొనని ఈ చిన్న సందున దొరకిపోయినది.

ఇతనికి ఒకనాడు కల వచ్చెననుకొందము. తన కార్యాలయ ద్వారమున కాపలావాడుగా తండ్రి నిలిచి, గుర్తింపుకార్డు చూపుమని యడిగెను. ఎంత వెదకినను కార్డు దొరకలేదు. కోరిక ముసుగు తొడిగికొని వచ్చుటయే కల యని ఫ్రాయిడ్ అనెను. మేల్కొన్నవేళ మనస్సు ఒకవైపునకు మొగ్గిపోయినపుడు రెండవ వైపునుండి కల దానిని సరిచూచునని యుంగ్ అనెను. అంతవరకు కలిసి నడచిన వారిరువురు 1912–13లో విడిపోవుటకు గల కారణములలో, అచేతనమను ఆ తెలియని మనోభాగపు స్వభావమును గూర్చిన భేదమొకటి. ఉద్యోగమను ముఖమును లోకమునకు చూపుచు, ఆ ముఖమే తానని నమ్మిన మనిషిని ఆ కల నీవెవరవని అడుగుచున్నది. లోకమునకు చూపు ఆ ముఖమును యుంగ్ పెర్సోనా అనెను. మనలోనిదేయైనను మనది కాదని త్రోసివేసిన దానిని ఛాయ యనెను. ఛాయను త్రోసివేసినంత మాత్రమున అది తొలగదు, ఎదుటివానిమీద వ్రాలును. మన పురుషునికి అన్నలో కనబడుచున్న దురాశ అన్నలో నిజముగ ఉండవచ్చును, లేకపోవచ్చును. కాని దానిని తలచినపుడెల్ల తనకు కలుగు కోపము విషయమునకు మించి యున్నచో, ఆ మించిన పాలు తనది. ఈ ఒక్క లెక్క సరిగ వేసికొన్న యెడల మన న్యాయస్థానములలో భాగపంపకాల దావాలు కొన్నియైన తగ్గునని నాకు తోచుచుండును.

మనోగ్రంథికిని శిగమునకును సంబంధమేమి? యుంగ్ దృష్టిలో గ్రంథి కేవలము ఒక జ్ఞాపకము కాదు. అది అహము ఆజ్ఞకు లోబడక స్వతంత్రముగ సంచరించు చిన్న వ్యక్తి. సామాన్యునిలో అది నాలుక తడబాటుగను, అకారణ కోపముగను పైకి వచ్చి మరలును; హెలెన్ వంటివారిలో పేరు, కంఠము, చరిత్ర కల్పించుకొని నిలువునా లేచి నిలుచును. పూర్వులు దయ్యము, దేవత అనినది అనుభవదృష్టిలో అబద్ధము కాదని అతడందుకే అంగీకరించెను. ఆ దేవత మనస్సునకు వెలుపల ఉన్నదా లేదా అనుట మాత్రము మనోవిజ్ఞానపు పరిధిలోనిది కాదు.

అయినను జాతరలోని ఏర్పాటును చూచినపుడు ఆశ్చర్యము కలుగక మానదు. ఎవరో తెలివిగలవాడు ఆలోచించి పెట్టినట్లు అందొక కట్టుదిట్టమున్నది. రాకకు ఒక దినమున్నది. రప్పించుటకు డప్పున్నది, ఎల్లమ్మ కొలుపులలో బైండ్లవారి జమిడిక యున్నది. దింపుటకు సాకయు వేపరెమ్మయు ఉన్నవి. సికింద్రాబాదు జాతర మరునాడు పచ్చికుండపై నిలిచి రంగము చెప్పు స్త్రీకి ఆ కుండయే హద్దు. ఆమె దిగినంతనే భవిష్యవాణి ముగిసినది. చెరువు నిండినపుడు మత్తడి దుంకుటకు చోటు విడిచిన వాని కట్ట తెగదు. విడువనివాని కట్ట ఎచ్చట తెగునో ఎవరును చెప్పజాలరు. ప్రపంచారోగ్యసంస్థ వారి పదకొండవ రోగవర్గీకరణము, 2022 జనవరినుండి అమలులోనికి వచ్చినది, ఆవేశస్థితులను వ్యాధిగా పరిగణించుటకు పెట్టిన నియమమును దాదాపు ఈ మత్తడిలెక్కయే: ఆయా సమాజము అంగీకరించిన ఆచారములో భాగముగ వచ్చు ఆవేశము వ్యాధి కాదు; పిలువకయే పలుమారు వచ్చి, మనిషిని బాధపెట్టి, బ్రతుకు సాగనీయనిచో అది వ్యాధి. అట్టివారిని భూతవైద్యుని కొరడాకు అప్పగింపక మానసిక వైద్యుని యొద్దకు కొనిపోవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

కాని జాతరలో ఒక కొరత కలదు. మాటాడిన స్త్రీకి మాట గుర్తుండదు. గుర్తుంచుకొని బదులు చెప్పిన పెద్దమనిషి ఊగలేదు. పాత్రలు రెండు, మనుష్యులిద్దరు. ఆత్మజ్ఞానమన్న పేరుతో యుంగ్ కోరినది ఈ రెండు పాత్రలను ఒక్క మనిషియే వహించుట. 1913 చివరి నుండి అతడు ఈ ప్రయోగమును తనమీదనే చేసికొనెను. రాత్రివేళ తన గదిలో కూర్చుండి, కళ్లు మూసికొని, లోపలినుండి వచ్చు మూర్తులను రానిచ్చెను: ఫిలెమోన్ అను రెక్కల వృద్ధుడు, ఏలీయా యను ప్రవక్త, అంధురాలైన సలోమీ. వారు చెప్పినది వినెను. తనకు సమ్మతము కానపుడు ఎదిరించి వాదించెను. అంతయు వ్రాసికొనెను. తరువాత దానిని ఎర్రతోలు బైండు గల పెద్ద గ్రంథమున బొమ్మలతో సహా ఎత్తివ్రాసెను. అతడు 1961లో గతించిన చాలకాలమునకు, 2009లో గాని అది లోకమునకు వెలువడలేదు. ఈ కాలమంతయు పగటిపూట రోగులను చూచుట మానలేదు, భార్యాబిడ్డలతో భోజనము మానలేదు. ఆ యిల్లును ఆ వృత్తియు లేకున్న తాను మతి చలించి యుందునని అతడే తరువాత ఒప్పుకొనెను. ఊగుచునే చేతులు జోడించి నిలుచుట ఎంత కష్టమో దీనివలన తెలియగలదు. ఈ విద్యను పుస్తకము చదివి ఒంటరిగ ప్రయత్నింపరాదనుటయు దీనివలననే.

ఆ గ్రంథపు కాలమున, 1918–19 ప్రాంతమున, యుద్ధములో నిర్బంధితులైన ఆంగ్ల సైనికుల శిబిరమునకు అధికారిగ ఉన్నపుడు, ప్రతి ఉదయమును అతడొక చిన్న వలయచిత్రమును గీయుచుండెను. మనసు కుదురుగ నున్ననాడు బొమ్మ కుదురుగ వచ్చెడిది. చెదరిననాడు వలయము ఒకచోట పగిలెడిది. ఇట్టి మండలము అహమునకు గాక, తెలిసినదియు తెలియనిదియు కలిసిన సమగ్ర మనస్సునకు చిహ్నమని అతడు నిశ్చయించెను. మన ప్రాంతీయులకు ఇది వింతగ తోచరాదు. సంక్రాంతి దాటిన మొదటి ఆదివారము పట్నంవారమనియు, మరుసటిది లష్కర్‌వారమనియు పేరుపెట్టుకొని, హైదరాబాదు సికింద్రాబాదు జనులు శామీర్‌పేట, ప్రజ్ఞాపూరుల మీదుగ కొమురవెల్లి మల్లన్న యొద్దకు పోవుదురు. అచ్చట ఒగ్గువారు పసుపు, కుంకుమ, బియ్యపుపిండి, ఆకుపొడులతో నేలమీద వేయు పట్నములు కొలతదప్పని వర్ణమండలములే. శివరాత్రి నడిరేయి పెద్దపట్నము వేయుదురు. గంటలకొలది శ్రమించి వేసినదానిని శివసత్తులును భక్తులును త్రొక్కి చెరిపివేయుదురు. దేశకాలములు వేరైన మనుష్యులు ఇట్లు ఒకే ఆకృతిని గీయుట, మనుష్యులందరికిని పుట్టుకతో ఉమ్మడియైన సామూహిక అచేతనమునకు నిదర్శనమని యుంగ్ శిష్యులందురు. నాకంత ధైర్యము చాలదు. వలయము గీయుట సులభము, సూర్యచంద్రులు గుండ్రనివి, ఒకరినుండి ఒకరు నేర్చుకొనుటకును త్రోవలున్నవి. ఆ అచేతనమున నుండునను, రక్తమున వచ్చిన మూలరూపములకు ఇంతకంటె బిగువైన సాక్ష్యము కావలెను. అది ఇంతవరకు లభింపలేదనుట న్యాయము. మనస్సు చెదరిన మనిషికి కేంద్రముగల బొమ్మను వేయుట స్తిమితము నిచ్చుననునంతవరకు అతని పరిశీలనము నిలుచును.

యుంగ్ స్వయముగ భారతదేశమునకు వచ్చెను. 1938 జనవరిలో కలకత్తాలో జరిగిన సైన్సు కాంగ్రెసు రజతోత్సవమునకు ఆహ్వానము పొంది, 1937 డిసెంబరులో బొంబాయిలో దిగి, కాశీ ప్రయాగలను కోణార్కమును చూచి, దక్షిణమున తిరువనంతపురము మీదుగ సింహళము చేరెను. కలకత్తాలో రక్తవిరేచనములు పట్టి ఆసుపత్రి పాలయ్యెను. కోలుకొనిన పిదప వచ్చిన కలలో తానొక ద్వీపమున నుండి, క్రైస్తవ గాథలలోని పవిత్రపాత్రను తెచ్చుటకు ఒంటరిగ నీరీదిపోవలసి యుండెనట. ఇండియా నీ పని కాదు, నీ వారిని చూచుకొమ్మని ఆ కల తన్ను మందలించినదని అతడు అర్థము చెప్పుకొనెను. తిరిగిపోయి 1939లో మన దేశముపై వ్రాసిన వ్యాసములలో, భారతీయుడు ఆలోచింపడనియు, ఆలోచన అతనికి ఇంద్రియానుభవమువలె గోచరించుననియు అనుట అతని సూక్ష్మదృష్టికి తగని మాట. కొన్ని వారముల ప్రయాణికుడు కోట్లమంది మనస్సును కొలుచుట ఇట్లే యుండును.

అతడు వెళ్లని చోటొకటి కలదు. హెలెన్ వృత్తాంతము అచ్చయిన 1902 ప్రాంతముననే, అరుణాచలమనబడు తిరువణ్ణామల కొండగుహలో మౌనముననున్న ఒక యువకుని శివప్రకాశం పిళ్లై అను భక్తుడు ప్రశ్నలడిగెను; ఆ యువకుడు వ్రాసి చూపిన సమాధానములే 'నేనెవడను' అను విచారమార్గమైనవి. అతనికి 1907లో భగవాన్ రమణమహర్షి యని పేరు పెట్టినవాడు విజయనగర ప్రాంతీయుడైన కావ్యకంఠ గణపతిముని; కాంక్షను గూర్చి తెలుగువారిలో ఎవరును వ్రాయనంత వ్రాసిన రచయిత చలము 1950లో అన్నియు విడిచి చేరి, 1979లో గతించువరకు నిలిచినదియు ఆ అరుణాచలముననే. ఊగువాడెవడు, బదులు చెప్పువాడెవడు అనుటతో రమణుల మార్గము తృప్తిపడదు. ఈ రెండును తోచుచున్నది ఎవనికో వానిని పట్టుమనును. అహము అణగినచో ఎరుక మిగులునని వారనగా, ఎరుగువాడే లేని యెరుక తనకు ఊహకందదనియు, వైద్యుడుగా తాను దానిని అచేతనమనియే పిలువవలసి యుండుననియు యుంగ్ పట్టుపట్టెను. ఆత్మ యన్న భావమున ఉపనిషత్తులకు ఋణపడినవాడే ఈ మెట్టు దగ్గర ఆగిపోయెను.

జర్మను పండితుడు జిమ్మర్ రమణులపై రచించిన గ్రంథమునకు 1944లో పీఠిక వ్రాయుచు, అంత చేరువకు పోయియు మహర్షిని ఎందులకు చూడలేదో యుంగ్ సంజాయిషీ చెప్పుకొనెను. అట్టి ఋషి భారతదేశమున ఎల్లెడల కనబడుచునే యుండునని, ప్రత్యేకముగ పోయి చూడనక్కరలేకపోయెనని అనెను. ఈ కారణము నాకు అంతగ నచ్చలేదు. కాని అందే మరియొక సంగతి వ్రాసెను. తిరువనంతపురమున మహర్షి శిష్యుడొకడు తనకు తటస్థపడెను. పొట్టివాడు, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుని స్థాయివాడు, పోషింపవలసిన పిల్లలు పెక్కుమంది. లోపలి వెలుగును ఎరిగియు ఇంటి బరువును దింపక మోయుచున్న ఆ బడిపంతులు గురువును సైతము మించెనని, అతనిని చూచినందుకు కృతజ్ఞుడనని చెప్పెను. వలయము గీసి, కలలు వ్రాసి, ఫిలెమోనుతో వాదించి తాను సాధింపగోరిన దానిని యుంగ్ ఈ దేశమున గుర్తుపట్టినది ఆ బడిపంతులులో.